మెషీన్ నెమ్మదిని పిల్లల మీద వెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండీ.

మీ పేపర్లో చదువులు, ఉద్యోగాల పేజీ వస్తది గదా, అది నేను పొద్దున టీ తాగేటప్పుడు తప్పకుండా చూస్తా. ఏ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం వస్తది, ఏ లాంగ్వేజ్‌కి గిరాకీ ఉంది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఇవన్నీ రాస్తారు, మంచిదే, కానీ ఆ నేర్చుకున్న పని ఏ మెషీన్ మీద చెయ్యాలి, ఆ మెషీన్ నత్తలాగా నడుస్తంటే ఏం చేసుకోవాలి అనేది మాత్రం ఇన్నేళ్లలో ఎక్కడా చూడలా. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగు అవుద్ది, చాలా రోజుల నుంచి మనసులో పెట్టుకున్న సంగతి.

నేను గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని వెబ్ అప్లికేషన్లు చేస్తా. నాతో కలిపి ఆరుగురం. అంతకుముందు విజయవాడలో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశా. ఇప్పుడు మా పని ఎక్కువ మిర్చి కమీషన్ షాపులకీ కోల్డ్ స్టోరేజీలకీ ఉంటది, ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, ఏ లాటు ఎంత రేటుకి పోయింది, కాటా ఎంత వచ్చింది, కమీషనూ హమాలీ పోను రైతు చేతికి ఎంత ఇవ్వాలి, ఇదంతా బ్రౌజర్లో కనపడేట్టు చేసి ఇస్తాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్, అప్పుడు షాపు వాళ్లు పగలూ రాత్రీ ఫోన్లు చేస్తానే ఉంటారు. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక గానీ మాకు ఊపిరాడదు.

పోయిన సీజన్‌కి ముందు ఒక అమ్మాయి కొత్తగా చేరింది. తెనాలి నుంచి రోజూ ట్రైన్లో వచ్చి పోతది. ఇంటర్వ్యూలో చాలా చురుగ్గా చెప్పింది, లాజిక్ బాగా వచ్చు, రాసిన కోడ్ శుభ్రంగా ఉంటది, కానీ చేరి నెల గడిచినా పని కదలట్లా. నేను ఎప్పుడు అటు వెళ్లినా ఆ అమ్మాయి చేతిలో ఫోన్ ఉండేది. రెండు మూడుసార్లు చూసి ఊరుకున్నా, నాలుగోసారి అందరి ముందే "ఏమ్మా, ఆ లాటు పేజీ ఇంకా ఎన్నాళ్లు" అని గట్టిగా అనేశా. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మార్జిన్‌లో తేదీ, పక్కన నిలువు గీతలు, నాలుగు గీతలకి ఒక అడ్డగీత, అచ్చం కాటా దగ్గర టిక్కీలు లెక్కేసేవాళ్లు గీసినట్టు. "ఇవేంటమ్మా" అంటే "కోడ్ మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఒక గీత సార్, అది తిరిగి స్క్రీన్ మీద కనపడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కూడా అప్పుడప్పుడూ రాశా, నేను ఫోన్ చూస్తన్నానని మీరు అనుకుంటన్నారు, అది తిరిగేదాకా చూస్తన్నా సార్" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతన్నయ్యి గానీ గొంతు మాత్రం వణకలా.

ఆ రోజు లెక్క 112 గీతలు. ఒక్కోటి సగటున 40 సెకన్లు. గుణిస్తే 4480 సెకన్లు, అంటే గంటా పావు. రోజుకి గంటా పావు ఆ పిల్ల ఉత్తపుణ్యానికి గోడ చూస్తా కూర్చుంటంది, పైగా నాతో తిట్లు తింటంది.

అసలు పోయేది ఆ గంటా పావు ఒక్కటే అయితే ఇంత బాధ లేదండీ. కాటా దగ్గర టిక్కీలు లెక్కపెట్టే మనిషిని అరవై ఏడు దగ్గర మనం పలకరించామనుకోండి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. కోడ్ రాసేవాళ్ల బుర్రలో కూడా ఇలాంటి లెక్క నడుస్తా ఉంటది, ఈ విలువ ఇక్కడ నుంచి వస్తంది, అక్కడ మారుతంది, ఆ మూడో ఫైల్లో తప్పు ఉండి ఉండాలి అని నాలుగైదు సంగతులు ఒకేసారి పట్టుకుని ఉంటారు, 40 సెకన్లు ఖాళీగా ఉంటే అవి జారిపోతయ్యి. 1993లో జేకబ్ నీల్సన్ అని, కంప్యూటర్ వాడకం మీద పరిశోధన చేసిన ఆయన దీనికి మూడు హద్దులు చెప్పాడు, సెకన్‌లో పదో వంతులో జవాబు వస్తే మనిషికి వెంటనే అయినట్టే అనిపిస్తది, ఒక సెకన్ దాకా అయితే ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మాత్రం దృష్టి వేరే దాని మీదకి పోవడం ఖాయం అని. ఇంకా వెనక్కి పోతే 1982లోనే ఐబీఎంలో డోహర్టీ, థడానీ అని ఇద్దరు, కంప్యూటర్ జవాబు ఇచ్చే టైము సెకన్ లోపలికి తగ్గే కొద్దీ మనిషి చేసే పని అనుకున్నదానికన్నా ఎక్కువ పెరుగుద్ది అని చూపించారు. నలభై ఏళ్ల కిందటి మాట ఇది. మనం ఇంకా 40 సెకన్ల దగ్గర ఉండి పిల్లలకి ఓపిక లేదు అంటన్నాం.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఒక బటన్ రంగు మార్చమన్నా. మార్చింది, కంట్రోల్ ఎస్ కొట్టింది. నల్ల స్క్రీన్ మీద శాతం అంకెలు గబగబా పైకి పోయి 40 దగ్గర ఆగినయ్యి, ల్యాప్‌టాప్ అడుగు నుంచి కిర్రు కిర్రుమని హార్డ్‌డిస్క్ చప్పుడు, ఫ్యాన్ మోత. ఏ ప్రోగ్రాం ఎంత వాడుకుంటందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 30 శాతం కూడా లేదు, డిస్క్ మాత్రం ఎర్రగా 100 శాతం. దాని కింద ఎవరు తింటన్నారా అని చూస్తే మొదటి వరసలో మా ప్రోగ్రాం కాదండీ, యాంటీవైరస్. రెండో వరసలో క్లౌడ్ బ్యాకప్. మూడో వరసలో మేం.

కారణం చెప్తా, ఇది తెలియని వాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఇప్పటి వెబ్ ప్రాజెక్టుల్లో నోడ్ మాడ్యూల్స్ అని ఒక ఫోల్డర్ ఉంటది, బయటివాళ్లు రాసిన లైబ్రరీలన్నీ దాంట్లోకి వస్తయ్యి, అన్నీ చిన్న చిన్న ఫైళ్లు. మా ప్రాజెక్టులో లెక్కేస్తే 41 వేల పైచిలుకు. పాత ల్యాప్‌టాపుల్లో హార్డ్‌డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుద్ది, అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు, కావాల్సిన చోటు ముల్లు కిందకి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, ముల్లు పక్కకి జరగడానికి ఇంకో పది పైన. మొత్తం కలిపితే అక్కడోటి ఇక్కడోటి ఉన్న చిన్న ఫైళ్లు సెకన్‌కి వంద కూడా చదవలేదు అది. ఎస్ఎస్‌డీ అంటే చిప్పుల మీద దాచుకునే కొత్త రకం డిస్క్, దాంట్లో తిరిగేదే లేదు, వేలల్లో చదివేస్తది. ఇక యాంటీవైరస్ ఏం చేస్తదంటే ఎవరన్నా ఒక ఫైల్ తెరిచినప్పుడల్లా ముందు నేను చూసి పంపిస్తా అంటది, గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతి సంచీ విప్పి చూసినట్టు. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కి అది మంచిదే, వేల ఫైళ్లు ఒకేసారి తెరిచే మా పనికి మాత్రం అడుగడుగునా అడ్డు. దీనికి తోడు ఆ అమ్మాయి ప్రాజెక్టుని డెస్క్‌టాప్ మీద పెట్టుకుంది, ఆ డెస్క్‌టాప్ అంతా క్లౌడ్‌కి బ్యాకప్ పోయేట్టు సెట్టింగ్ ఉంది, అంటే మేం ఒక ఫైల్ మార్చడం ఆలస్యం అది ఎత్తుకుని పైకి పంపించే పనిలో ఉంటది.

ఫోల్డర్ తీసి బ్యాకప్ లేని చోట పెట్టాం. యాంటీవైరస్‌లో ఒక్క ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌కి మినహాయింపు ఇచ్చాం. ఇక్కడ ఒక మాట, మినహాయింపు ఇవ్వమన్నా గదా అని డ్రైవ్ మొత్తానికి ఇవ్వకండి, యాంటీవైరస్ అసలుకే తీసెయ్యకండి, బయటి లైబ్రరీల్లో చెడ్డవి కూడా వస్తా ఉంటయ్యి, తెలియని లైబ్రరీ దింపుకోవద్దని పిల్లలకి ముందు చెప్పండి. విండోస్ 11 ఉన్నవాళ్లకి 2023 నుంచి డెవ్ డ్రైవ్ అని ఒక సౌకర్యం ఉంది, 50 జీబీ అన్నా దానికి విడిగా ఇవ్వాలి, అందులో పెట్టిన ఫైళ్లని విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ మనల్ని ఆపకుండా తర్వాత నిదానంగా చూసుకుంటది. మా దాంట్లో అది రాదు కాబట్టి మినహాయింపుతోనే సరిపెట్టాం. ఆ రెండు పనులకే 40 కాస్తా 17 అయింది. శనివారం విజయవాడ గవర్నర్‌పేట వెళ్లి ఒక ఎస్ఎస్‌డీ తెచ్చి బిగించాం, 5 సెకన్లకి వచ్చింది. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇంకో 8 వేశాం, ఎడిటరూ బ్రౌజరూ డేటాబేసూ అన్నీ ఒకేసారి తెరిస్తే 8 చాలక మిగిలింది డిస్క్ మీద రాసుకుంటా ఉంటది, అదొక నెమ్మది.

ఇంతా చేసి లాట్ల పేజీ తెరిస్తే మళ్లీ 13 సెకన్లు! ఇది మెషీన్ సంగతి కాదని అప్పుడు తెలిసింది. క్రోమ్‌లో ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఒక్కో రిక్వెస్ట్ ఎంతసేపు దేనికోసం ఆగిందో గీతలుగా చూపిస్తది, పచ్చ గీత సర్వర్ జవాబు కోసం ఆగిన టైము, నీలం గీత డేటా దిగిన టైము. మా దాంట్లో పచ్చ గీత స్క్రీన్ అంతా పాకింది, నీలం చివర్లో చుక్కంత. అంటే సర్వర్ వైపు ఏదో ఆలోచిస్తా కూర్చుంది. సర్వర్ కూడా ఆ ల్యాప్‌టాప్ లోనే ఉంది, మరి ఏం ఆలోచిస్తంది? క్వెరీల లాగ్, అంటే డేటాబేసుని ఏమేం అడిగిందో రాసుకునే చిట్టా, ఆన్ చేస్తే బయటపడింది, ఒక్క పేజీకి 401 క్వెరీలు. ముందు ఆ రోజు లాట్లు 400 తెచ్చుకుంటంది, ఆ తర్వాత ఒక్కో లాటుకి ఆ రైతు పేరేంటి అని విడివిడిగా 400 సార్లు అడుగుతంది. ఊరికి పోయి కూరగాయలు తెమ్మంటే వంకాయకి ఒకసారి, బెండకాయకి ఒకసారి, పచ్చిమిరపకాయకి ఒకసారి పోయి వచ్చినట్టు. డేటాబేసు ఏమో ముంబైలో క్లౌడ్ సర్వర్లో ఉంది, గుంటూరు నుంచి ఒక క్వెరీ పోయి రావడానికి మేం కొలిస్తే 30 మిల్లీసెకన్లు, 401 సార్లు అంటే 12 సెకన్లు అక్కడే పాయె.

చిత్రం ఏంటంటే షాపు వాళ్ల దగ్గర అదే పేజీ టక్కున వస్తంది. ఎందుకంటే వాళ్లు వాడే అసలు సర్వర్ కూడా ముంబైలో ఆ డేటాబేసు పక్కనే ఉంది, వాళ్లకి ఒక క్వెరీకి ఒక మిల్లీసెకన్ కూడా పట్టదు, 401 చేసినా అర సెకన్ లోపల అయిపోద్ది. అందుకే ఎవరూ కంప్లయింట్ చెయ్యలా, తప్పు నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ఆ కోడ్ రాసింది నేనే. నా తప్పుకి కొత్తగా వచ్చిన పిల్ల ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ 13 సెకన్ల చొప్పున కట్టింది. రెండే క్వెరీల్లో అన్ని పేర్లు ఒకేసారి తెచ్చేట్టు మార్చడానికి ఆ అమ్మాయికి అరగంట పట్టింది, తర్వాత డేటాబేసు నకలు ఒకటి చిన్నది చేసి ల్యాప్‌టాప్ లోనే పెట్టుకున్నాం. ఆ నకల్లో రైతుల అసలు పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు పెట్టలేదు, మార్చేసి పెట్టాం. ఇది కూడా చాలా చోట్ల చెయ్యరు, అసలు డేటా తెచ్చి పిల్లల ల్యాప్‌టాపుల్లో పోసేస్తారు, అది ట్రైన్లో బ్యాగుతో సహా పోతే ఎవరిది బాధ్యత.

ఇదే రకం అన్యాయం నేను విజయవాడలో పనిచేసినప్పుడు నా మీదే జరిగింది కాబట్టి నాకు ఇంత కోపం. బెంజి సర్కిల్‌కి దగ్గర్లో ఒక ఆఫీసు, పేరు వద్దు. పై అంతస్తు, మీద స్లాబు తప్ప ఏం లేదు, ఏసీ మేనేజర్ గారి క్యాబిన్‌కి ఒక్కదానికే. బెజవాడ ఎండలు మీకు చెప్పాలా, మే నెలలో 44, 45 కొట్టేస్తది. మధ్యాహ్నం రెండు దాటాక మా మెషీన్లన్నీ చతికిలపడేవి. రాసిన కోడ్ అంతా కలిపి నడిచేట్టు తయారు చెయ్యడాన్ని బిల్డ్ అంటాం, పొద్దున రెండు నిమిషాల్లో అయ్యే బిల్డ్ సాయంత్రం నాలుగు నిమిషాలు దాటేది. మేనేజర్ గారు మాత్రం "అన్నం తిని కునుకు తీస్తన్నారు మీరంతా, పొద్దున చేసే పనిలో సగం కూడా మధ్యాహ్నం చెయ్యట్లా" అని మీటింగులో అనేవారు. వారం రోజులు నేను ప్రతి గంటకీ అదే బిల్డ్ వేసి టైము రాశా, పక్కన ప్రాసెసర్ వేడి రాశా. మధ్యాహ్నం వేడి వందకి దగ్గర, స్పీడ్ సగానికి సగం. ప్రాసెసర్ మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటది, అది దాని రక్షణ. మాకు కునుకు రాలేదు, ప్రాసెసర్‌కి వచ్చింది. ఒక ల్యాప్‌టాప్ అడుగు విప్పితే ఫ్యాన్ దగ్గర దుమ్ము దూదిలాగా మందంగా పట్టి ఉంది, గాలి పోయే దారే లేదు. బ్లోయర్‌తో ఊది, వెనక వైపు ఎత్తు పెడితే చాలా మటుకు తగ్గింది. ఇంకోటి, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ పొదుపు మోడ్‌లోకి పోద్ది, కరెంటు వచ్చాక కూడా కొన్నిట్లో ఆ మోడ్ అలాగే ఉండిపోద్ది, అది ఒకసారి చూసుకోవాలి. ఆ కాగితం పట్టుకెళ్లి చూపించాక ఆయన ఇంకెప్పుడూ ఆ మాట అనలా. ఏసీ మాత్రం రాలా.

అందుకే నేను చెప్పేది ముందు కొలవమని. ఎవరి మీదా ఏమీ అనక ముందు, కొత్త ల్యాప్‌టాప్ కొనక ముందు, ఆఖరికి ఎవరో చెప్పిన చిట్కా పెట్టక ముందు కొలవండి. ఎందుకంటే బయటికి అన్నీ ఒకేలాగే కనపడతయ్యి, పేజీ రాదు, చక్రం తిరుగుతా ఉంటది, లోపల కారణాలు మాత్రం పది రకాలు. మా వీధిలో ఒక బీటెక్ అబ్బాయి ప్రాజెక్టు ఉంది, ఏ పేజీ నొక్కినా కచ్చితంగా ఒక సెకన్ పైన ఆగి అప్పుడు వచ్చేది, చిన్న పేజీ అయినా అంతే. వాడు ల్యాప్‌టాప్ మార్చమని వాళ్ల నాన్నని పోరుతున్నాడు. చూస్తే డేటాబేసు అడ్రస్ దగ్గర లోకల్‌హోస్ట్, అంటే ఇదే కంప్యూటర్ అని రాశాడు, విండోస్ ముందు దాన్ని కొత్త రకం ఐపీవీ6 అడ్రస్‌గా తీసుకుని ఆ తలుపు కొడుతుంది, అక్కడ ఎవరూ పలకరు, ఒక సెకన్ ఆగి అప్పుడు పాత అడ్రస్‌కి పోద్ది. ఆ మాట తీసి 127.0.0.1 అని అంకెలు రాస్తే పోయింది. పైసా ఖర్చు లేదు. వాడు కోడ్ రాసే పీహెచ్‌పీ లాంగ్వేజ్‌లో ఎక్స్‌డీబగ్ అనే తప్పులు వెతికే సాధనం కూడా ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయాడు, తప్పు వెతికేటప్పుడు తప్ప అది అక్కర్లేదు, ఆఫ్ చేస్తే ఇంకాస్త నయం అయింది. పెద్ద ప్రాజెక్టు వెబ్‌ప్యాక్ (కోడ్ ఫైళ్లన్నిటినీ మూటకట్టే సాధనం) మీద ఉన్నవాళ్లు అయితే 2020లో వచ్చిన ఐదో వెర్షన్‌లో ఒకసారి చేసిన పనిని (క్యాష్ అంటారు) డిస్క్ మీద దాచుకునే సెట్టింగ్ ఉంది, రెండు మూడు లైన్ల పని, రెండోసారి నుంచి స్టార్ట్ అవడం బాగా తగ్గుద్ది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీట్ (Vite) అనే ఇలాంటి సాధనంతోనే మొదలుపెట్టుకోండి, అది అంతా ముందే మూటకట్టకుండా బ్రౌజర్ అడిగిన ఫైల్ అడిగినప్పుడు ఇస్తది. విండోస్‌లో లైనక్స్ పెట్టుకుని పనిచేసే వాళ్లు, డబ్ల్యూఎస్ఎల్ 2 అంటారు గదా, వాళ్లు ప్రాజెక్టుని సీ డ్రైవ్‌లో ఉంచి లైనక్స్ నుంచి నడిపితే ప్రతి ఫైలూ సరిహద్దు దాటి రావాలి, లైనక్స్ వైపే పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

మరి డబ్బుల్లేక పాత మెషీన్ తోనే నెట్టుకు రావాల్సిన పిల్లలు ఏం చెయ్యాలి? ఓపిక పట్టండి అని నేను చెప్పను, ఆ మాట వినీ వినీ వాళ్లకి విసుగొచ్చి ఉంటది. యాప్ మొత్తం నడపకుండా మీరు చేస్తన్న ముక్క ఒక్కటే నడిపే దారి చూసుకోండి. లెక్కలు కట్టే ఫంక్షన్ ఉంటే, కమీషన్ ఎంత, హమాలీ ఎంత అని, దానికి చిన్న టెస్ట్ రాసుకుని అది ఒక్కటే కమాండ్‌తో నడపండి, బ్రౌజర్ తెరవాల్సిన పనే లేదు, సెకన్‌లో తెలిసిపోద్ది. రైతులు 50 వేల మందిని కాకుండా 50 మందిని పెట్టుకోండి, కాకపోతే పని అప్పజెప్పే ముందు ఒకసారి పెద్ద డేటాతో చూసుకోండి, లేకపోతే నేను చేసినట్టు తప్పు లోపల దాక్కుంటది. వాడని ట్యాబులు, ఎడిటర్లో వాడని ఎక్స్‌టెన్షన్లు తీసెయ్యండి. మా అమ్మాయి అయితే సేవ్ చేసిన ప్రతిసారీ ఏం కనపడాలో ముందే ఒక లైన్ నోటుబుక్కులో రాసుకునేది, ఆగిన 40 సెకన్లలో బుర్రలో సంగతి జారిపోకుండా, అది నాకు చాలా నచ్చింది. ఆ పద్ధతి మిగతా ఐదుగురం కూడా పెట్టుకున్నాం.

యజమానులకి ఒక లెక్క చెప్తా. రోజుకి గంటా పావు, నెలకి 25 రోజులు, 31 గంటలు. అంటే నెలకి దాదాపు నాలుగు రోజుల జీతం ఒక్కో మనిషి మీద చక్రం తిరగడానికి కడుతున్నారు. నాకు ఆ ఎస్ఎస్‌డీకి రెండు వేల పై చిల్లర అయింది. ఇప్పుడు రేట్లు మారి ఉండొచ్చు, ఎంత మారినా నాలుగు రోజుల జీతం ముందు అది పెద్ద మొత్తం కాదు, అదీ ఒక్కసారి ఖర్చు. కాటా సరిగ్గా లేకపోతే ఆ పూటే బాగు చేయించే మన ఊళ్లో ఈ కాటా మాత్రం ఏళ్ల తరబడి తప్పు చూపిస్తా ఉంటే ఎవరికీ పట్టదు.

కాలేజీల వాళ్లకి కూడా. ల్యాబుల్లో మెషీన్ ఆపి వేస్తే మళ్లీ మొదటికొచ్చేట్టు పెడతారు చాలా చోట్ల, వైరస్ భయంతో, పిల్లలు ఆ గంట పీరియడ్‌లో లైబ్రరీలు దింపుకునేసరికి ముప్పావుగంట అయిపోద్ది, మర్నాడు మళ్లీ దింపుకోవాలి. ఆ లైబ్రరీలు ల్యాబు సర్వర్లో ఒకచోట పెట్టి అక్కడి నుంచి ఇస్తే పిల్లలకి చదువుకునే టైము మిగులుద్ది. ఇది లెక్చరర్ గార్లకి తెలియక కాదు, అడిగినా పైన వినేవాళ్లు లేక.

అన్నిటికన్నా ముఖ్యం తల్లిదండ్రులు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న కౌలు రైతు. కూతురు బీటెక్‌లో చేరినప్పుడు పంట అమ్మిన డబ్బుల్లోంచి ఆ ల్యాప్‌టాప్ కొన్నాడంట. ఒకసారి ఏదో పని మీద గుంటూరు వచ్చి ఆఫీసుకి వచ్చాడు, మాటల్లో "షాపతను వెయ్యి జీబీ ఉంది బాబూ, మిగతావన్నీ 256 మాత్రమే అన్నాడు, ఎక్కువ ఉన్నది మంచిదని ఇది తీసుకున్నా" అన్నాడు. వెయ్యి జీబీ హార్డ్‌డిస్క్ అది, పక్కన ఉన్న 256 ఎస్ఎస్‌డీ. ఆయన తప్పు ఏముంది ఇందులో, విత్తనాల సంచీ అయినా ఎరువు బస్తా అయినా ఎక్కువ తూకం ఉన్నదే తీసుకుంటారు ఎవరైనా. ఎవరన్నా ఒక్కరు ఆయనకి ముందు చెప్పి ఉంటే ఆ పిల్ల నాలుగేళ్ల చదువూ, నా దగ్గర మొదటి నెలా ఇంకోలా ఉండేవి. నేను ఆయనకి ఆ సంగతి చెప్పలేదు, ఎస్ఎస్‌డీ మార్చాం, ఇప్పుడు బాగుంది అని మాత్రం చెప్పా.

కాబట్టి ఎడిటర్ గారూ, అడ్మిషన్లు మొదలయ్యే రోజులకి, పిల్లలకి ల్యాప్‌టాపులు కొనే టైముకి, మీ చదువుల పేజీలో ఒక అరపేజీ దీనికి ఇవ్వండి. షాపుకి పోయినప్పుడు జీబీ ఎంత అని కాకుండా ఎస్ఎస్‌డీనా హార్డ్‌డిస్కా అని అడగాలని, ర్యామ్ 16 లేకపోయినా తర్వాత పెంచుకునే చోటు ఉందా అని అడగాలని, ఆ రెండు మాటలు అన్నా పెద్దక్షరాల్లో వెయ్యండి, ఊళ్లలో పేపరు చదివే నాన్నలకి కనపడేట్టు. రాసివ్వమంటే నేను రాసిస్తా. ఆ అమ్మాయిని అడిగా, గీతల నోటుబుక్కులో ఆ 112 గీతల పేజీ ఫోటో తీసి ఇస్తానంది, పేరు మాత్రం వెయ్యొద్దంది.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
బ్రాడీపేట, గుంటూరు